మెడికెయిడ్ కోతలు: పార్టీ గీత దాటినవారు, దాటబోయి ఆగినవారు

2025 జూలై 1న అమెరికా సెనేట్‌లో పన్ను రాయితీలూ ఆరోగ్య బీమా కోతలూ కలగలిసిన భారీ బిల్లు మీద ఓట్లు సరిగ్గా 50–50గా చీలాయి. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ సభాధ్యక్ష స్థానం నుంచి వేసిన ఒక్క ఓటుతో బిల్లు గట్టెక్కింది. డెమోక్రాట్లందరితో పాటు ముగ్గురు రిపబ్లికన్లు దాన్ని వ్యతిరేకించారు: నార్త్ కరోలినా సెనేటర్ థామ్ టిల్లిస్, మెయిన్ సెనేటర్ సుసాన్ కాలిన్స్, కెంటకీ సెనేటర్ రాండ్ పాల్. రెండు రోజుల తర్వాత ప్రతినిధుల సభ అదే బిల్లును 218–214తో ఆమోదించింది. అక్కడ ఎదురుతిరిగిన రిపబ్లికన్లు ఇద్దరే. జూలై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకంతో అది చట్టమైంది. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) బడ్జెట్ కార్యాలయం అంచనా ప్రకారం ఈ చట్టం వల్ల, పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ మీద ఫెడరల్ ప్రభుత్వ వ్యయం పదేళ్లలో 90 వేల కోట్ల డాలర్లకు పైగా తగ్గుతుంది, 2034 నాటికి ఆరోగ్య బీమా లేనివారి సంఖ్య కోటి దాకా పెరుగుతుంది.

ఓటింగుకు ముందు నెలల్లో వినిపించిన మాటలు చూస్తే ఎదురుతిరిగేవారు ఐదుగురితో ఆగుతారని ఎవరూ అనుకోరు. ఏప్రిల్‌లో ప్రతినిధుల సభకు చెందిన 12 మంది రిపబ్లికన్లు, బలహీనుల బీమాకు గండికొట్టే బిల్లును తాము సమర్థించలేమని నాయకత్వానికి ఉమ్మడి లేఖ రాశారు. మే నెలలో మిస్సోరి సెనేటర్ జోష్ హాలీ, మెడికెయిడ్‌ను కోయడం నైతికంగా తప్పని, రాజకీయంగా ఆత్మహత్యేనని పత్రికలో వ్యాసం రాశారు. తీరా ఓటు దగ్గరికి వచ్చేసరికి లేఖ మీద సంతకం చేసిన 12 మందీ బిల్లుకు అనుకూలంగానే ఓటేశారు. హాలీ కూడా అంతే. కాబట్టి గీత దాటిన ఐదుగురి గురించి ఎంత మాట్లాడుకోవాలో, గీత దాకా వచ్చి ఆగిపోయినవారి గురించి అంతకంటే ఎక్కువ మాట్లాడుకోవాలి. వారు ఆగిపోవడానికి ప్రధాన కారణం కోతను కట్టిన మూటలో ఉంది. ఆరోగ్య బీమా కోత ఒంటరిగా సభ ముందుకు వచ్చినప్పుడు నిలదీసిన సభ్యుల్లో కొందరు, దాన్ని పన్ను రాయితీలతో కలిపి ఒకే బిల్లుగా తెచ్చినప్పుడు తలవంచారు.

భారతీయ పాఠకుడికి ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. మన దగ్గర 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేసిన ఎంపీ లేదా ఎమ్మెల్యే, పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే, సభ్యత్వానికే ఎసరు తెచ్చుకుంటాడు. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఆరోగ్యశ్రీ కేటాయింపులు తగ్గించారని అధికార పక్ష ఎమ్మెల్యే ఒకరు ద్రవ్య వినిమయ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసే దృశ్యం ఊహకు కూడా అందదు. అమెరికాలో అలాంటి చట్టం లేదు. విప్ అనే పదవి ఉంది గాని, ఆ పదవిలో ఉన్నవారి పని ఓట్లు లెక్కపెట్టుకోవడం, బుజ్జగించడం, అప్పుడప్పుడు బెదిరించడం. శిక్ష పడేది తర్వాతి ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో; అక్కడ ఓటేసేది ఎక్కువగా పార్టీ వీరాభిమానులే. చట్టం వదిలిపెట్టిన సభ్యుణ్ణి ప్రైమరీ పట్టుకుంటుంది. టిల్లిస్ విషయంలో జరిగింది ఇదే, కానీ దానికి ముందు మెడికెయిడ్ డబ్బు ఎలా కదులుతుందో కొంచెం చూడాలి.

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హయాంలో మొదలైన మెడికెయిడ్, పేదలకు, వికలాంగులకు, దీర్ఘకాలిక సంరక్షణ అవసరమైన వృద్ధులకు ఇచ్చే బీమా. పిల్లల కోసం ఉన్న అనుబంధ పథకాన్ని కలుపుకొంటే ఏడు కోట్ల మందికి పైగా దీని నీడన ఉన్నారు. దేశంలో జరిగే ప్రతి పది కాన్పుల్లో దాదాపు నాలుగింటికి బిల్లు కట్టేది ఇదే. నర్సింగ్ హోముల్లో ఉండే వృద్ధుల్లో సగానికి పైగా దీని మీదే ఆధారపడతారు. ఖర్చును ఫెడరల్ ప్రభుత్వమూ రాష్ట్రమూ పంచుకుంటాయి. ఫెడరల్ వాటా కనీసం సగం, బాగా పేద రాష్ట్రాల్లో ముప్పాతిక వంతు దాకా ఉంటుంది. ఒబామా కాలపు 2010 చట్టం కింద కొత్తగా చేర్చుకున్న అల్పాదాయ వయోజనులకు మాత్రం ఫెడరల్ ప్రభుత్వం 90 శాతం భరిస్తుంది. ఆ విస్తరణను ఒప్పుకోవాలో వద్దో రాష్ట్రాల ఇష్టమని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటికి 40 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, వాటిలో రిపబ్లికన్ల కోటలు చాలానే ఉన్నాయి.

రాష్ట్రం తన వాటా ఎక్కణ్ణుంచి తెస్తుందన్నది అసలు చిక్కు. చాలా రాష్ట్రాలు ఆసుపత్రుల మీదే పన్ను వేస్తాయి. ఫెడరల్ వాటా 60 శాతం ఉన్న రాష్ట్రం ఆసుపత్రుల నుంచి 10 డాలర్లు వసూలు చేసి దాన్ని తన వాటాగా చూపితే, ఫెడరల్ ఖజానా నుంచి 15 డాలర్లు వస్తాయి. మొత్తం 25 డాలర్లు చికిత్స చెల్లింపుల రూపంలో తిరిగి ఆసుపత్రులకే చేరతాయి. పన్ను కట్టిన ఆసుపత్రుల సంఘాలే ఆ పన్నును కాపాడమని వాషింగ్టన్ చుట్టూ తిరగడం పైకి వింతగా ఉంటుంది గాని, లెక్క తెలిస్తే అందులో వింతేమీ లేదు. పొదుపు కోరే రిపబ్లికన్లు దీన్ని ఫెడరల్ ఖజానాకు కన్నం వేసే ఎత్తుగడ అంటారు. ఆ విమర్శలో పస లేకపోలేదు. కానీ పల్లె ప్రాంతపు చిన్న ఆసుపత్రి తలుపులు తెరిచి ఉంచుతున్నది కూడా ఆ 15 డాలర్లే. ఆసుపత్రుల ఆదాయంలో 6 శాతం దాకా అనుమతి ఉన్న ఈ పన్నును, విస్తరణను ఒప్పుకున్న రాష్ట్రాల్లో 2028 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా అర శాతం చొప్పున 3.5 శాతానికి దించాలని కొత్త చట్టం నిర్దేశించింది. ప్రతినిధుల సభ మే 22న పంపిన ముసాయిదాలో ఈ పన్నుల్ని ఉన్నచోట స్తంభింపజేయడమే ఉంది; తగ్గింపును చేర్చింది సెనేట్. మేలో అనుకూలంగా ఓటేసిన పెన్సిల్వేనియా ప్రతినిధి బ్రయాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ జూలైలో వ్యతిరేకంగా మారడానికి సెనేట్ చేసిన ఇలాంటి మార్పులే కారణం. ఎదురుతిరిగిన రెండో ప్రతినిధి, కెంటకీకి చెందిన థామస్ మాసీ, దేశం మీద అప్పు పెరుగుతుందని వ్యతిరేకించారు. ఒకే పక్కన పడిన ఈ రెండు ఓట్ల వెనక ఉన్న కారణాలకు పొంతన లేదు.

నార్త్ కరోలినా కథ ఈ ఆసుపత్రి పన్ను చుట్టూనే తిరుగుతుంది. ఆ రాష్ట్రం విస్తరణను అమలు చేసింది 2023 డిసెంబరు 1న, అంటే మిగతా చాలా రాష్ట్రాల కంటే దాదాపు పదేళ్లు ఆలస్యంగా. ఆ ఆలస్యానికి కారకుల్లో ఒకరు టిల్లిసే. 2013లో విస్తరణను తిరస్కరిస్తూ రాష్ట్ర శాసనసభ చట్టం చేసినప్పుడు స్పీకరు ఆయనే. ఆ మరుసటి ఏడాది సెనేట్‌కు పోటీ చేసినప్పుడు దాన్ని ఘనతగా చెప్పుకున్నారు కూడా. పదేళ్ల తర్వాత రిపబ్లికన్ల ఆధిపత్యం ఉన్న అదే శాసనసభ మనసు మార్చుకుంది. రాష్ట్ర ఖజానా మీద భారం పడకుండా విస్తరణలో రాష్ట్రం కట్టాల్సిన 10 శాతాన్ని ఆసుపత్రుల పన్ను నుంచే తీసుకునేలా ఏర్పాటు చేసింది. ఫెడరల్ వాటా 90 శాతం కంటే తగ్గితే విస్తరణ దానంతటదే రద్దయ్యే నిబంధనను కూడా చట్టంలోనే రాసుకుంది. 2025 బిల్లు ఆ 90 శాతాన్ని ముట్టుకోలేదు, కానీ రాష్ట్రం వాటా పుట్టే పన్ను మీదే చెయ్యి వేసింది. విస్తరణ కింద బీమా పొందిన 6,63,000 మందికి రెండు మూడేళ్ల తర్వాత తాను ఏం చెప్పాలని టిల్లిస్ జూన్ 29న సెనేట్‌లో అడిగారు. మెడికెయిడ్ జోలికి వెళ్లనని ట్రంప్ ఇచ్చిన మాటను ఈ బిల్లు తప్పిస్తుందని, ఆ సంగతి అధ్యక్షుడికి సలహాదారులు సరిగా చెప్పడం లేదని కూడా అన్నారు.

ఈ ప్రసంగాన్ని ధైర్యానికి నిదర్శనంగా చాలామంది మెచ్చుకున్నారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ కొంచెం మారుతుంది. జూన్ 28 రాత్రి బిల్లును చర్చకు చేపట్టే తీర్మానానికి ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. వెంటనే ట్రంప్, ప్రైమరీలో ఆయన మీద పోటీకి దిగేవారిని కలుస్తానని బహిరంగంగా హెచ్చరించారు. జూన్ 29న టిల్లిస్ 2026లో మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. ఆ ప్రకటన తర్వాతే, అదే రాత్రి, ఆ ప్రసంగం వెలువడింది. మళ్లీ ఓటు అడగాల్సిన అవసరం తీరిపోయాక నోరు పెగిలిందనడం అన్యాయం అవుతుంది, ఎందుకంటే మొదటి వ్యతిరేక ఓటు అంతకు ముందే పడింది. అయితే ఎదురుతిరగడమూ పదవిలో కొనసాగడమూ రెండూ కుదరవని ఆయన ఒక్క రోజులో తేల్చుకున్నారన్నది మాత్రం నిజం.

సెనేట్‌లో అప్పుడు రిపబ్లికన్ల బలం 53. ఉపాధ్యక్షుడి ఓటుతో కలిపి నాయకత్వం ముగ్గురిని వదులుకోగలదు, నాలుగో ఓటు పోతే బిల్లు పోతుంది. బడ్జెట్ రీకన్సిలియేషన్ అనే ప్రత్యేక పద్ధతిలో తెచ్చారు కాబట్టి మామూలుగా కావలసిన 60 ఓట్లు అక్కర్లేదు, సాధారణ మెజారిటీ చాలు. వదులుకోగలిగిన ఆ మూడు ఓట్లలో ఒకటి రాండ్ పాల్‌ది. ఆయనకు మెడికెయిడ్ గురించి పేచీ లేదు. అప్పు పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచడం మీద పేచీ. మెడికెయిడ్ మీద బాగా ఆధారపడిన కెంటకీ నుంచి వచ్చిన సభ్యుడి ఓటు ఆ కారణంతో పడడం ఈ కథలో ఒక విడ్డూరం. రెండోది టిల్లిస్‌ది. మూడోది 2026లో ఎన్నిక ఎదుర్కోవాల్సిన కాలిన్స్‌ది. మెయిన్‌లో 2017లోనే ప్రజలు రెఫరెండం ద్వారా మెడికెయిడ్ విస్తరణను గెలిపించుకున్నారు. పల్లె ఆసుపత్రుల నిధిని పెంచడానికి అత్యంత సంపన్నుల మీద పన్ను పెంచాలని ఆమె తెచ్చిన సవరణ 22–78తో వీగిపోయింది. ఆ నిధిని నాయకత్వం తర్వాత 2,500 కోట్ల డాలర్ల నుంచి 5,000 కోట్ల డాలర్లకు పెంచినా ఆమె వ్యతిరేకంగానే ఓటేశారు. మూడు ఓట్లూ అలా ఖర్చయిపోయాక మిగిలిన ప్రతి ఒక్కరి ఓటుకూ ధర పలికింది.

అలా బిల్లు తలరాత అలాస్కా సెనేటర్ లిసా మర్కౌస్కీ చేతిలో పడింది. 2010లో ప్రైమరీలో ఓడిపోయి కూడా, బ్యాలెట్ మీద ముద్రించని తన పేరును ఓటర్ల చేత రాయించుకుని గెలిచిన నాయకురాలు ఆమె. ప్రైమరీ బెదిరింపులకు లొంగే రకం కాదు. ఆమె ఓటు కోసం నాయకత్వం రాత్రంతా బేరం సాగించింది. అలాస్కాకు మెడికెయిడ్ ఫెడరల్ వాటా పెంచే నిబంధన ఒకటి రాశారు. రీకన్సిలియేషన్ నియమాలకు అది ఒప్పదని సెనేట్ నిబంధనల అధికారి కొట్టేశారు. ఆహార సహాయ పథకంలో కొత్తగా రాష్ట్రాల మీద పడే ఖర్చు నుంచి అలాస్కాకు వెసులుబాటు ఇవ్వాలనుకున్నారు. ఒక్క రాష్ట్రం పేరు రాస్తే నియమాలు ఒప్పవు. అందుకని చెల్లింపుల్లో తప్పుల శాతం మరీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు గడువు ఇస్తున్నట్టు రాశారు. ఫలితంగా లెక్కలు సరిగ్గా రాసుకునే రాష్ట్రం ముందు డబ్బు కట్టాలి, తప్పుల తడకగా నడిపే రాష్ట్రానికి గడువు దొరుకుతుంది. తిమింగలాల వేటకు నాయకత్వం వహించే అలాస్కా మూలవాసీ సారథులు ఖర్చుల కింద చూపుకోగలిగే పన్ను మినహాయింపును కూడా 10 వేల డాలర్ల నుంచి 50 వేలకు పెంచారు. ఇన్ని సర్దుబాట్ల తర్వాత మర్కౌస్కీ అనుకూలంగా ఓటేసి, బిల్లు తనకు నచ్చలేదని, ప్రతినిధుల సభ దాన్ని సరిదిద్ది పంపుతుందని ఆశిస్తున్నానని విలేకరులతో చెప్పారు. ప్రతినిధుల సభ ఒక్క అక్షరం మార్చలేదు.

ఇందులో తరచు మరుగున పడే విషయం ఒకటుంది. ఆసుపత్రులు తదితర సంస్థల మీద ఇలాంటి పన్ను అసలే లేని రాష్ట్రం దేశం మొత్తం మీద అలాస్కా ఒక్కటే. నార్త్ కరోలినాకు ప్రాణాంతకంగా కనిపించిన నిబంధన అలాస్కాకు తగలదు. కోతను ఇలా రకరకాల నిబంధనలుగా విడగొట్టినప్పుడు దెబ్బ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చోట తగులుతుంది, ఎక్కడ తగిలితే అక్కడ విడిగా మందు రాయవచ్చు. బాధితులందరూ ఒక్కచోట చేరే అవకాశం తగ్గిపోతుంది.

హాలీది ఇంకో దారి. మిస్సోరిలో 2020 ఆగస్టులో ఓటర్లు రాజ్యాంగ సవరణ ద్వారా విస్తరణను తెచ్చుకున్నారు. ఆయనకు ఓటేసే శ్రామిక వర్గంలో మెడికెయిడ్ కార్డున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. పల్లె ఆసుపత్రుల నిధి పెరిగింది, ఆసుపత్రి పన్ను తగ్గింపు మొదలయ్యే తేదీ వెనక్కి జరిగింది. అది చాలని ఆయన ఓటేశారు. రెండు వారాలకే, తాను ఓటేసిన చట్టంలోని ఆ పన్ను తగ్గింపును రద్దు చేయాలని, పల్లె ఆసుపత్రుల నిధిని రెట్టింపు చేయాలని సొంతంగా బిల్లు ప్రవేశపెట్టారు. పాము చావకుండా కర్ర విరగకుండా చూసుకోవడమంటే ఇదే. దీన్ని కపటం అని కొట్టిపారేయడం తేలిక. కానీ గడువు వెనక్కి జరగడం వల్లే ఆయనకు ఇలాంటి బిల్లు పెట్టే తీరిక దొరికిందన్నది గమనించాలి. కోత తేదీల్ని ఎన్నికల అవతలికి నెట్టడం నాయకత్వం అసమ్మతివాదులకు ఇచ్చిన పెద్ద రాయితీ.

ఆ క్యాలెండరు చూడండి. కొత్తగా ఇచ్చిన పన్ను రాయితీల్లో చాలావరకు 2025 ఆదాయానికే వర్తిస్తాయి. 19 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న విస్తరణ లబ్ధిదారులు నెలకు 80 గంటలు పనో చదువో సేవో చేసినట్టు నిరూపించుకోవాలన్న నిబంధన 2027 జనవరి నుంచి విస్తరణను ఒప్పుకున్న రాష్ట్రాల్లో తప్పనిసరి. ఆసుపత్రి పన్ను తగ్గింపు 2027 అక్టోబరులో మొదలవుతుంది. అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కు జరిగే మధ్యంతర ఎన్నికలు 2026 నవంబరులో. పని నిబంధన వల్ల ఏమవుతుందో ఆర్కాన్సా 2018లోనే చూపించింది. అక్కడ మొదట గంటల వివరాలన్నీ ఆన్‌లైన్‌లోనే నమోదు చేయమన్నారు. ఆ వెబ్‌సైటు రాత్రి 9 గంటలకు మూతపడి ఉదయం 7కు తెరుచుకునేది. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినవాడికి, ఇంట్లో ఇంటర్నెట్ లేనివాడికి గంటలు చూపించడం గంటలు పనిచేయడం కంటే కష్టమైంది. కొద్ది నెలల్లో 18 వేల మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. వారిలో చాలామంది పని చేస్తున్నవారో, మినహాయింపుకు అర్హులో. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని నిలిపేశారు. ఈ అనుభవం కాంగ్రెస్‌లో అందరికీ తెలిసిందే, అయినా పని నిబంధన మీద పార్టీని ధిక్కరించిన రిపబ్లికన్ దాదాపు లేరు. పనిచేయగలిగినవాడు పనిచేయాలన్న మాట ప్రచారంలో బాగా చెల్లుతుంది. దరఖాస్తు ఫారం దగ్గర జరిగే నష్టం ప్రచారంలో కనబడదు.

ప్రతినిధుల సభలో 12 మంది లేఖకు ముందు నిలిచింది కాలిఫోర్నియాకు చెందిన డేవిడ్ వలడావో. ఆయన నియోజకవర్గంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి మెడికెయిడే బీమా. 2017లో ఒబామా చట్టం రద్దు బిల్లుకు ఓటేసి, మరుసటి ఏడాది వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయి, 2020లో తిరిగి గెలిచిన మనిషి. ఇలాంటి ఓటు ఎంత ఖరీదైనదో ఆయన కంటే తెలిసినవారు సభలో అరుదు. 2025లోనూ ఆయన అనుకూలంగానే ఓటేశారు. ఎందుకన్నదానికి సమాధానం 2017తో పోలిస్తే దొరుకుతుంది.

2017 మేలో ప్రతినిధుల సభ రద్దు బిల్లును 217–213తో నెగ్గించినప్పుడు 20 మంది రిపబ్లికన్లు వ్యతిరేకించారు. సెనేట్‌లో జూలై 25న మెడికెయిడ్‌ను లోతుగా కోసే ప్రత్యామ్నాయం 43–57తో పడిపోయింది. తొమ్మిది మంది రిపబ్లికన్లు ఎదురు నిలిచారు. మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపి బిల్లును ఓడించిన దృశ్యమే అందరికీ గుర్తుండిపోయింది. మెదడు క్యాన్సర్ బయటపడిన కొద్ది రోజులకే అరిజోనా నుంచి తిరిగివచ్చిన మెకెయిన్, కాలిన్స్, మర్కౌస్కీ కలిసి 49–51తో దాన్ని అడ్డుకున్నారు. అయితే ఆ రాత్రి ఓడిపోయిన కురచ బిల్లులో మెడికెయిడ్ కోత నేరుగా లేదు. మెడికెయిడ్‌ను కోసే జూలై 25 ప్రత్యామ్నాయానికి మెకెయిన్ అనుకూలంగానే ఓటేశారు! ఆయన అభ్యంతరం ప్రధానంగా పద్ధతి మీద: కమిటీ విచారణలు లేకుండా, ఎదుటి పక్షంతో మాట లేకుండా ఇంత పెద్ద మార్పు చేయకూడదని. మొదటి నుంచి చివరి దాకా మెడికెయిడ్ కోసం నిలబడ్డవారు కాలిన్స్, మర్కౌస్కీ. బిల్లును చర్చకు తీసుకోవడానికే ఒప్పుకోని రిపబ్లికన్లు వారిద్దరే. అలాస్కాకు అప్పుడూ ప్రత్యేక తాయిలాలు చూపారు, ట్రంప్ మంత్రివర్గ సభ్యుడొకరు ఫోను చేసి హెచ్చరించారు కూడా. మర్కౌస్కీ కదల్లేదు.

అప్పుడు కదలని మర్కౌస్కీ ఎనిమిదేళ్ల తర్వాత ఎందుకు కదిలారు? 2017 బిల్లు ఆరోగ్యం గురించి మాత్రమే. అది ఓడిపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఎవరికీ ఏమీ పోదు. 2025 బిల్లులో ఆ ఏడాది చివరికి గడువు తీరిపోతున్న 2017 నాటి ఆదాయపు పన్ను తగ్గింపులు ఉన్నాయి, సరిహద్దు భద్రతకు నిధులున్నాయి, అప్పు పరిమితి పెంపు ఉంది. అది ఓడితే జనవరిలో కోట్లాది కుటుంబాలకు పన్ను పెరుగుతుంది, దానికి కారణం ఫలానా సెనేటరేనని అధ్యక్షుడే ఊరూరా చెబుతాడు. మెడికెయిడ్ ఆ మూటలో పన్ను రాయితీలకయ్యే ఖర్చును కొంతైనా పూడ్చే పద్దుగా కూర్చుంది. వలడావో లాంటివారికి ఓటు మెడికెయిడ్ మీద కాకుండా మూట మొత్తం మీద పడింది.

కొన్ని నెలలకే దీనికి ఎదురు పరీక్ష కూడా జరిగింది. ఒబామా చట్టం కింద ప్రైవేటు బీమా కొనుక్కునేవారికి కరోనా కాలంలో పెంచిన ప్రీమియం సబ్సిడీలు 2025 డిసెంబరు 31తో ముగిశాయి. ఈ గొడవ మీదే అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. ఈసారి ప్రశ్న ఒంటరిగా ముందుకొచ్చింది: సబ్సిడీ ఉంచాలా, తీయాలా? డిసెంబరు 11న సెనేట్‌లో మూడేళ్ల పొడిగింపుకు 51 ఓట్లు వచ్చాయి, కాలిన్స్, మర్కౌస్కీ, హాలీ, డాన్ సలివన్ అనే నలుగురు రిపబ్లికన్లతో సహా. 60 కావాలి కాబట్టి అది ఆగిపోయింది. డిసెంబరు 17న ప్రతినిధుల సభలో స్పీకర్ మైక్ జాన్సన్‌ను పక్కకు నెట్టి బిల్లును సభ ముందుకు తెచ్చే పిటిషన్ మీద నలుగురు రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిసి సంతకం చేయడంతో కావలసిన 218 పూర్తయ్యాయి. ఫిట్జ్‌ప్యాట్రిక్, మైక్ లాలర్, ర్యాన్ మెకెంజీ, రాబ్ బ్రెస్నహాన్ ఆ నలుగురు. బ్రెస్నహాన్ ఏప్రిల్ లేఖ మీద సంతకం చేసినవారిలో ఒకరు, జూలైలో కోతకు ఓటేసినవారిలోనూ ఒకరు. స్పీకరును కాదని ఇలాంటి పిటిషన్ మీద సంతకం పెట్టడం పార్టీ మర్యాదల్లో మామూలు వ్యతిరేక ఓటు కంటే పెద్ద ధిక్కారం. 2026 జనవరి 8న ఓటింగు జరిగితే 17 మంది రిపబ్లికన్లు పొడిగింపుకు ఓటేశారు, 230–196తో బిల్లు సభ దాటింది. జూలైలో ఇద్దరు, జనవరిలో 17 మంది. సెనేట్ అప్పటికే ఒకసారి కాదన్న బిల్లుకు ఓటేయడంలో సాహసం తక్కువన్నది నిజమే. ఎన్నికల ఏడాది మొదలైందన్నదీ నిజమే. కానీ ఆరు నెలల ముందు అదే సభ్యుల్లో చాలామందికి ఆ స్వేచ్ఛ కూడా దొరకలేదు.

ధిక్కారం ఎక్కడా వినిపించని చోటు ఒకటుంది, అది అమెరికాలోని తెలుగు కుటుంబాలకు దగ్గర విషయం. 2025 జూలై నాటి చట్టం, చట్టబద్ధంగా దేశంలో ఉంటున్న వలసదారుల్లో చాలా వర్గాలకు ప్రభుత్వ బీమా సహాయాన్ని తీసేసింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి 2027 నుంచి ఒబామా చట్టం కింద కొనుక్కునే బీమాకు ప్రీమియం సబ్సిడీ ఉండదు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండనివారికి సాధారణంగా మెడికెయిడ్ అందదు. అలాంటివారిలో ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి ఇంతకాలం దొరికిన సబ్సిడీ 2026 జనవరితో ఆగిపోయింది. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రుల్లో కొందరు ఈ కోవలోకి వస్తారు. ఉద్యోగం ద్వారా బీమా ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఇది తాకదు; ఉద్యోగం పోయి వేరే కొలువు వెతుక్కునే నెలల్లో మాత్రం తాకుతుంది. ఈ నిబంధనల్ని ఎత్తిచూపి ఓటు మార్చుకున్న రిపబ్లికన్ ఒక్కరూ లేరు. కారణం వెతకనక్కర్లేదు. గ్రీన్ కార్డున్నా, హెచ్-1బి ఉన్నా, వారికి ఓటు లేదు. నార్త్ కరోలినాలో 6,63,000 మంది లెక్కకు వచ్చింది వారి అవసరం పెద్దదైనందుకు ఎంతో, వారు ఓటర్లైనందుకూ అంతే.

ఇక ముందున్న తేదీలు కొన్ని. టిల్లిస్ పదవీకాలం 2027 జనవరి 3తో ముగుస్తుంది, పని నిబంధన తప్పనిసరయ్యే రోజుకు రెండు రోజుల తర్వాత. ఆసుపత్రి పన్ను మొదటి అర శాతం తగ్గేది ఆ ఏడాది అక్టోబరులో, చివరి అర శాతం 2032 ఆర్థిక సంవత్సరంలో. ఈ మెట్లలో ఏ ఒక్కదాన్ని ఆపాలన్నా ఆ పొదుపును ఇంకెక్కడో చూపించాలి, లేదా అప్పుగా రాసుకోవాలి. హాలీ బిల్లు లాంటి ప్రతిపాదన దేనికైనా మామూలు దారిలో సెనేట్‌లో 60 ఓట్లు కావాలి. రీకన్సిలియేషన్ దారిలో తెస్తే 51 చాలు, కానీ ఆ దారి తెరవాలంటే ముందు బడ్జెట్ తీర్మానం నెగ్గాలి. అంటే సభ పగ్గాలు పట్టుకున్న పార్టీ కోరుకోవాలి.